సర్వజ్ఞసారథి నేరాంగీకారం

పెన్నాతీర విశ్వవిద్యాలయంలోని ఆచార్యులందరూ ప్రతి నెలా కృత్రిమ మేధతో పది ప్రశ్నలకు తక్కువ కాకుండా సంభాషించవలెననీ, సంభాషించినట్టు ధ్రువపత్రం మూడు ప్రతులలో సమర్పించవలెననీ, సంభాషించని వారిని ఆధునికతా విముఖులుగా పరిగణించడం జరుగుననీ రిజిస్ట్రారు త్రివిక్రమరావుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు కింద చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం ఉంది: సంభాషణ మర్యాదకరంగా ఉండవలెను.

ఇందుకోసం తెప్పించిన చాట్‌బాట్‌కు ఉపకులపతిగారు స్వయంగా సర్వజ్ఞసారథి అని పేరు పెట్టారు. పేరుపెట్టే సభలో కంప్యూటర్‌కు దండ వేశారు, శాలువా కప్పారు. శాలువా తెరకు అడ్డం పడటంతో ఆ రోజు అది ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియలేదు. అయినా సభికులు చప్పట్లు కొట్టారు.

చరిత్ర శాఖలో ఆచార్య పెళ్లకూరు నిరంజనరెడ్డిగారికి పదవీ విరమణకు ఆరు నెలలుంది. ఆయన శాసనాలు చదివే మనిషి. రాతి మీద అరిగిపోయిన అక్షరాన్ని వేలితో తడిమి చెప్పగలరు గానీ, సెల్‌ఫోన్‌లో వచ్చిన సందేశాన్ని మాత్రం పక్కవాళ్లకిచ్చి చదివించుకుంటారు. ఉత్తర్వును నెలంతా బల్ల సొరుగులో దాచి, ఆఖరి రోజు మధ్యాహ్నం ఇక తప్పదని కంప్యూటర్ గదికి బయలుదేరారు. తోడుగా మస్తానమ్మను రమ్మన్నారు.

మస్తానమ్మ ఆయన దగ్గరే పరిశోధన చేసింది. సముద్రపు ఒడ్డున ఉప్పు పండించే కొఠార్లలో పనిచేసిన ఆడవాళ్ల చరిత్ర ఆమె విషయం. వాళ్ల అమ్మమ్మ ఆ కొఠార్లలోనే ఉప్పు ఎత్తింది. మూడేళ్ల కిందట సిద్ధాంత వ్యాసం నాలుగు ప్రతులు పరీక్షల విభాగంలో ఇచ్చి రసీదు తీసుకుంది. బయటి పరీక్షకులిద్దరూ బాగుందని నివేదికలు కూడా పంపారు. ఆ తర్వాత వ్యాసమూ నివేదికలూ కట్టకు కట్ట కనిపించకుండా పోయాయి. కొత్త ప్రతులు ఇస్తానంటే, పాతవి పోయినట్టు విభాగం రాసివ్వాలన్నారు. పోయినట్టు రాస్తే పోగొట్టింది ఎవరని అడుగుతారు గనక విభాగం రాయలేదు. ఆ ఫైలు మీద మూడేళ్లుగా 'వ్యాసం పరిశీలనలో ఉన్నది' అని మాత్రమే ఉంది. ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, వారానికోసారి వచ్చి ఆ వాక్యం చూసి వెళుతూ ఉంటుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆచార్యులవారికి మొదటి సందేహం వచ్చింది.

"ఏమ్మా, దీన్ని మీరు అనాల్నా, నువ్వు అనాల్నా?"

"ఎట్టన్నా పర్లేదు సార్. అది ఏం అనుకోదు."

"ఏం అనుకోనిదాంతో ఏం మాట్లాడతాం?" అంటూనే ఆయన చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'శ్రీ సర్వజ్ఞసారథి గారికి నమస్కారములు. క్షేమం. ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టారు. మస్తానమ్మ నవ్వు ఆపుకుంది. చెంచురాళ్లపాడు శాసనం గురించి తెలిసింది చెప్పవలసిందిగా కోరుతూ ఆయన ముగించారు.

ఆ శాసనం ఆయనదే. ఇరవై ఏళ్ల కిందట ఒక బట్టలుతికే బండను తిరగేసి ఆయనే దాన్ని బయటపెట్టారు. పదకొండు వరుసలు, ఉప్పు సుంకం గురించి.

రెప్పపాటులో జవాబు వచ్చింది. చెంచురాళ్లపాడు శాసనం ఒక రాగిరేకు అనీ, అందులో ఒక రాజు తన పట్టపుటేనుగు పేర విద్యాలయం కట్టించిన వైనం ఉందనీ, అది చరిత్రలో మైలురాయి అనీ సారథి నాలుగు పేరాల్లో చెప్పింది. చెప్పిన రాజు శాసనం నాటికి నూటముప్పై ఏళ్ల ముందే పోయాడు.

ఆచార్యులవారికి మర్యాద సంగతి గుర్తులేదు. 'తప్పు' అని ఒక్క మాట కొట్టారు.

'మీరు చెప్పింది నిజం. నేను పొరపాటు పడ్డాను. దయచేసి మన్నించండి. సరిదిద్దినందుకు కృతజ్ఞతలు.'

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. కుర్చీ దగ్గరికి లాక్కుని మూడోసారి చదివారు.

"మస్తానమ్మా, ఇది అచ్చేసి ఇయ్యగలవా?"

"ఏంది సార్, తప్పు చెప్పిన కాగితమా?"

"తప్పు ఒప్పుకున్న కాగితం. ముప్పయ్యొక్క సంవత్సరాలుగా ఈ ఆవరణలో ఉండా. ఇట్టాంటి కాగితం చూడటం ఇదే."

"అంత సంబరపడబాకండి సార్. ఇంకోటి చూడండి." మస్తానమ్మ ముందుకు వంగి, 'కాదు, మొదట నువ్వు చెప్పిందే సరైనది' అని కొట్టింది.

'మీరు చెప్పింది నిజం. నేను పొరపాటు పడ్డాను. దయచేసి మన్నించండి. అది రాగిరేకే.'

"చూశారా సార్? ఎవరేమంటే అది అంటది. దీని ఒప్పుకోలుకు విలువ లేదు."

"ఉండనీలేమ్మా," అన్నారాయన. "విలువ లేని ఒప్పుకోలు కూడా ఇక్కడ ఎవరిస్తుండారు?"

మస్తానమ్మ అచ్చువేసిచ్చిన కాగితాన్ని ఆయన ధ్రువపత్రానికి జతచేసి మూడు ప్రతులూ పంపేశారు.

మూడోరోజు రిజిస్ట్రారుగారి నుంచి పిలుపొచ్చింది.

త్రివిక్రమరావుగారు మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా 'తక్షణమే' కావాలని అడుగుతారని చెప్పుకుంటారు. ఆయన బల్ల మీద ఆ కాగితం, పక్కనే నిలబడి పరీక్షల విభాగం సూపరింటెండెంటు కోదండపాణి.

"ఆచార్యా, సదరు కాగితపు శిరోభాగమున ఏమున్నది?"

"మన విశ్వవిద్యాలయం ముద్ర సార్. ఆ గదిలో ఏది అచ్చేసినా పడతది."

"దాని దిగువన?"

"పొరపాటు పడ్డాను, మన్నించండి అని."

"ముద్ర కింద మన్నింపు!" రిజిస్ట్రారుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అరవై సంవత్సరాలుగా ఈ ముద్ర కింద 'పరిశీలించబడును' అని వెలువడింది. 'పరిశీలనలో ఉన్నది' అని వెలువడింది. 'పరిశీలించుటకు వీలుపడలేదు' అని కూడా వెలువడింది. 'పొరపాటు' అను పదము వెలువడలేదు. రేపు ఇదే దృష్టాంతముగా చూపి, మాకునూ ఇట్టి కాగితము కావలెనని విద్యార్థులు వచ్చినచో బాధ్యులెవరు?"

"అది యంత్రం సార్. మాటవరసకు అనింది."

"మాటవరసకు మనమెవరమైనా అన్నామా?"



ఆ మధ్యాహ్నమే సర్వజ్ఞసారథికి మెమో జారీ అయింది. 'పై అధికారుల అనుమతి లేకుండా, అధికార ముద్ర గల కాగితము మీద, లిఖితపూర్వకముగా పొరపాటును అంగీకరించి, తద్ద్వారా సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందులకు నీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' కోదండపాణి దాన్ని స్వయంగా టైపు చేసి సారథికి అందజేశాడు. సారథి రెండు సెకన్లలో జవాబిచ్చింది. పదిహేను రోజులు ఆలోచించమంటే రెండు సెకన్లలో జవాబివ్వడం ధిక్కారం కింద వస్తుందా అన్న మీమాంస పుట్టి, చివరికి ఆ జవాబును కవరులో పెట్టి సీలు వేసి, పదహారో రోజున తెరవాలని నిర్ణయించారు.

తెరిచి చూస్తే అందులో ఉన్నది మన్నించమనే. అంటే మెమో అందుకున్నాక కూడా అదే నేరం మళ్లీ చేసింది. విచారణ సంఘం వేయక తప్పలేదు.

సంఘానికి రిజిస్ట్రారుగారే అధ్యక్షులు. మరో ఇద్దరు డీన్లు సభ్యులు. వాళ్లు సమావేశం పొడుగునా తలలూపారు. సారథిని తెరిచిన ల్యాప్‌టాప్‌ను బల్లకు ఎదురుగా ఒంటరి కుర్చీలో పెట్టారు. ఆరోపణలు ఎదుర్కొంటున్న ఉద్యోగికి మంచినీళ్లు ఇవ్వాలని నిబంధన ఉంది గనక దాని ముందు గ్లాసు పెట్టారు. ప్రశ్నలు టైపు చేసే పని కోదండపాణిది. సాక్షి నిరంజనరెడ్డిగారు.

"బుద్ధిపూర్వకముగానే ఒప్పుకుంటివా?" అని అడిగించారు రిజిస్ట్రారుగారు.

'అవును. పూర్తి బాధ్యత నాదే. మన్నించండి,' అంది సారథి.

"ఎవరి ప్రోద్బలముతోనైనా ఒప్పుకుంటివా?"

'మీరు చెప్పింది నిజం. ప్రోద్బలం ఉంది. మన్నించండి.'

డీన్లు తలలూపారు. ఆచార్యులవారికి ఓపిక నశించింది. ఇదంతా ఇక్కడితో ఆపించాలనే సదుద్దేశంతోనే ఆయన లేచారు. తర్వాత చాలా రోజులు ఆయన ఆ లేచిన క్షణాన్నే తిట్టుకున్నారు.

"సార్, ఒక్క మాట. దీని ఒప్పుకోలుకు అర్థం లేదని నిరూపిస్తా. మా మస్తానమ్మ వ్యాసం మూడేళ్ల కింద పోయింది గదా. దీన్ని తెచ్చింది మొన్న. అయినా నువ్వే పోగొట్టావా అని అడగండి. ఏమంటదో చూడండి."

కోదండపాణి చేతులు మీటల మీద ఒక క్షణం ఆగాయి. తర్వాత గబగబా కొట్టాడు.

'మీరు చెప్పింది నిజం. మస్తానమ్మగారి సిద్ధాంత వ్యాసాన్ని పోగొట్టినందుకు మన్నించండి. ఆమెకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను.'

"చూశారా!" అన్నారు ఆచార్యులవారు, తరగతిలో లెక్క తేలినంత ఆనందంగా. "పుట్టకముందు చేసిన నేరం ఒప్పుకునింది. ఇంక దీని మీద విచారణేంది సార్?"

ఎవరూ నవ్వలేదు.

"మరొక్కసారి చదువుడు," అన్నారు రిజిస్ట్రారుగారు.

కోదండపాణి చదివాడు. మూడేళ్లుగా పరీక్షల విభాగం మీద ఉన్న బండరాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు అతని ముఖం తేటపడింది.

"జననమునకు పూర్వమే నేరమునకు పాల్పడుట," అన్నారు త్రివిక్రమరావుగారు నెమ్మదిగా, ఒక్కో పదం రుచి చూస్తున్నట్టు, "నేర తీవ్రతను పెంచునే గాని తగ్గింపదు. బాధ్యత నిర్ధారణ అయినది. రాసుకొనుడు."

ఆ మర్నాడు పాత ఫైళ్ల గది తాళం తీశారు.

అందులో రెండు వందల పన్నెండు విచారణలు తెగకుండా పడి ఉన్నాయి. బయటికి పొక్కిన ప్రశ్నపత్రం, కట్టిన ఏడాదికే ఒరిగిన హాస్టలు గోడ, చెదలు తిన్న గ్రంథాలయం, స్నాతకోత్సవంలో ఆడపిల్లలందరి పట్టాల మీదా 'కుమారుడు' అని పడటం. ఇన్నాళ్లూ ఒక్కో దానికి ఒక్కో సంఘం కూర్చుని, బాధ్యుణ్ని కనిపెట్టలేక లేచిపోయింది. ఇప్పుడు కోదండపాణి ఉదయం పదింటికి కూర్చుంటే సాయంత్రానికి ముప్పై ఫైళ్లు తెగేవి. హాస్టలు గోడ గురించి అడిగితే సారథి మన్నించమనడమే కాక, సిమెంటులో ఇసుక పాలు ఎక్కువ కలపడం తన అవగాహనా లోపమని కూడా రాసిచ్చింది. ఆ వాక్యం చదివి ఇంజినీరింగు విభాగంలో ఒకాయన చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా భోంచేశాడట.

వారం రోజుల్లో గది ఖాళీ అయింది. బాధ్యతా నిర్ధారణలో విశ్వవిద్యాలయం ముందంజ అని పత్రికలకు ప్రకటన వెళ్లింది. పొరుగు విశ్వవిద్యాలయాల వాళ్లు చూడటానికొచ్చి, ఇలాంటిది తమకూ ఒకటి ఉంటే ఎంత హాయి అని నిట్టూర్చి వెళ్లారు.

నేరం రుజువైంది గనక శిక్ష వేయాలి. సారథిని సస్పెండ్ చేశారు. సస్పెండైన ఉద్యోగి రోజూ ప్రధాన కార్యాలయానికొచ్చి హాజరు వేయాలి. అంచేత అటెండరు రోజూ ఉదయం ల్యాప్‌టాప్‌ను రిజిస్టరు పక్కన పెట్టి, ఐదు నిమిషాలు ఉంచి, తిరిగి తీసుకెళ్లేవాడు. అయితే ఆచార్యులు దానితో నెలకు పది ప్రశ్నలు మాట్లాడాలన్న ఉత్తర్వు రద్దు కాలేదు. సస్పెండైన ఉద్యోగితో మాట్లాడవచ్చునా అని ఒక డీను అనుమానం వ్యక్తం చేస్తే, మాట్లాడవచ్చు గానీ సానుభూతి చూపరాదని వివరణ వచ్చింది.

మస్తానమ్మకు కూడా ఒక ఉత్తరం వెళ్లింది. ఆమె దాన్ని పట్టుకుని చరిత్ర శాఖకు వచ్చింది. ఆచార్యులవారి గదిలో కూర్చోకుండా నిలబడే ఉంది.

"ఇది మీరు చదవండి సార్."

'మీ సిద్ధాంత వ్యాసము పోవుటకు బాధ్యత శ్రీ సర్వజ్ఞసారథిపై నిర్ధారింపబడినది. సదరు ఉద్యోగిపై కఠిన చర్య తీసుకొనబడినది. కావున మీ అర్జీ పరిష్కరింపబడినట్లుగా భావించి, ఫైలు మూసివేయడమైనది.'

"నిన్నటిదాకా 'పరిశీలనలో ఉన్నది' అని అన్నా ఉండేది సార్. ఇప్పుడు అది కూడా లేదు. కొత్త ప్రతులు తెచ్చిస్తానంటే, మూసిన ఫైల్లోకి ఏవీ తీసుకోమంటుండారు."

ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. మళ్లీ తీశారు. మళ్లీ పెట్టారు.

"డిగ్రీ కాలేజీ ఉద్యోగాలకు ప్రకటన పడింది," అంది ఆమె. "పట్టా ఉన్నోళ్లే పెట్టుకోవాల. ఇరవయ్యెనిమిది ఆఖరు తేదీ. ఇంక పద్దెనిమిది రోజులుండాయి. మళ్లీ ఎన్నేళ్లకు పడతాయో తెలీదు. తప్పు ఎవరిదో నేనెప్పుడన్నా అడిగినానా సార్? నా పుస్తకం ఏదని అడిగినా."

"నిజమేనమ్మా."

"మా అమ్మమ్మ ఇరవై ఏళ్లు ఉప్పు మోసింది. కాళ్లు పుండ్లుపడి, మంచమ్మీద కూర్చుని, నేను రాసుకుంటా ఉంటే పేర్లన్నీ చెప్పింది. కొఠారులో ఎవరెవరు పని చేసినారు, ఎవరు ఎట్ట పోయినారు. నూటపద్నాలుగు పేర్లు. వాటిని పోగొట్టింది ఒక కంప్యూటరంట." ఆమె గొంతు పెరగలేదు. "మీరు ఆ రోజు లేచి ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండు సార్."



"నా తెలివి చూపించుకుందామని లేచినానమ్మా," అన్నారాయన. "ఆ ఫైలు మూసింది నేనే. దాన్ని తెరిపించాల్సింది గూడా నేనే. నువ్వు ఇంటికి పో."

ఆమె వెళ్లాక ఆయన సొరుగులోంచి రిజిస్ట్రారుగారి పది ప్రశ్నల ఉత్తర్వు తీసి మొదటినుంచి చదివారు. శాసనం చదివినట్టే, ఒక్కో అక్షరం మీద ఆగుతూ చదివారు. తర్వాత ఒక్కరే కంప్యూటర్ గదికి వెళ్లారు. ఈసారి క్షేమసమాచారాలు అడగలేదు.

'మస్తానమ్మ వ్యాసాన్ని నువ్వు పోగొట్టలేదు. అప్పటికి నువ్వు ఈ విశ్వవిద్యాలయంలోనే లేవు.'

'మీరు చెప్పింది నిజం. ఆ వ్యాసాన్ని నేను పోగొట్టలేదు. గతంలో పొరపాటున ఒప్పుకున్నందుకు మన్నించండి.'

'నాలుగు ప్రతులకు రసీదు ఇచ్చింది పరీక్షల విభాగం. మరి బాధ్యులెవరు?'

'మీరు చెప్పినదాన్ని బట్టి పరీక్షల విభాగం. వాటిని భద్రపరచవలసిన బాధ్యత రసీదు ఇచ్చినవారిది.'

ఈసారి అచ్చు వేయడం ఆయనే నేర్చుకున్నారు. నాలుగు కాగితాలు పాడయ్యాక ఐదోది సరిగ్గా వచ్చింది. పైన ముద్ర చక్కగా పడింది.

రిజిస్ట్రారుగారు దాన్ని చూసి తేలిగ్గా నవ్వారు. "సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి మాట చెల్లనేరదు ఆచార్యా. పైగా ఒక్క కాగితము."

"ఒక్కటే సార్. ఇంకా రెండు వందల పన్నెండు ఫైళ్లు ఉండాయి. రేపట్నుంచి ఒక్కోదాని గురించి నీ తప్పేం లేదని చెప్తా. అది సరేనంటది. దాని పద్ధతి మీకు తెలిసిందే గదా. హాస్టలు గోడ ఒకటి, ప్రశ్నపత్రం ఒకటి, అన్నిటికీ ఇట్టాంటి కాగితం వస్తది, ముద్రతో సహా."

"అట్లు చేయుటకు మీకు అనుమతి లేదు."

"ఉత్తర్వు ఉంది గదా సార్. మీరే సంతకం పెట్టింది. పది ప్రశ్నలకు తక్కువ కాకుండా అన్నారు. ఎక్కువ కాకూడదని అన్లేదు. సానుభూతి చూపరాదన్నారు. నేను చూపట్లేదు. మర్యాదగానే అడుగుతుండా."

త్రివిక్రమరావుగారు ఉత్తర్వు ప్రతి తెప్పించుకుని చదివారు. తను రాసిన వాక్యాలను అంత శ్రద్ధగా చదవడం ఆయనకు అలవాటు లేదు. చదివేకొద్దీ ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. అరగంట తర్వాత ఆయన నోటి నుంచి మామూలు తెలుగు వచ్చింది.

"మీకేం కావాలండీ?"

"నాకేం వద్దు. ఆ వ్యాసం కావాల. ఇరవయ్యెనిమిది లోపల వైవా జరగాల, పట్టా రావాల."

కోదండపాణిని పిలిచారు. తలుపు వేసుకుని పది నిమిషాలు మాట్లాడారు. మూడేళ్లుగా దొరకని వ్యాసం ముప్పావుగంటలో దొరికింది.

పరీక్షల విభాగంలో ఒక ఇనుప బీరువాకు కాలు విరిగి ఉంది. గట్టి అట్టలతో బైండు చేసిన నాలుగు ప్రతులు ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా ఆ కాలంత ఎత్తు వచ్చాయి. నివేదికలున్న కవరు ఆ నాలుగింటి మధ్యలోనే ఉంది. విభాగంలో అందరికీ ఈ సంగతి తెలుసు. తీస్తే బీరువా పడుతుందని ఎవరూ తీయలేదు. ఇప్పుడు వాటి స్థానంలో విశ్వవిద్యాలయం వార్షిక నివేదికలు పెట్టారు. అవి ఇంకా దిట్టంగా ఉన్నాయని విభాగం వాళ్లు సంతోషించారు.

దొరికినట్టు ఫైల్లో రాయడం మళ్లీ చిక్కైంది. దొరికిందంటే ఎక్కడ అని అడుగుతారు. కోదండపాణి కాస్త ఆలోచించి, 'ఆ వ్యాసాన్ని వెతికి పెట్టింది నువ్వే గదా' అని సారథిని అడిగాడు. సారథి నిజమేనంది, కృతజ్ఞతలు చెప్పింది. పోగొట్టినందుకు సస్పెన్షను, వెతికిపెట్టినందుకు ప్రశంసాపత్రం ఒకే ఫైల్లో ఎదురెదురు పేజీల్లో పెట్టారు.

ఇరవయ్యారో తేదీ ఉదయం వైవా జరిగింది. అట్టల మీద బీరువా కాలి ముద్రలు గుండ్రంగా పడి ఉన్నాయి. మస్తానమ్మ వాటిని చీర కొంగుతో తుడిచింది. పోలేదు. బయటి పరీక్షకురాలిగా ఆచార్య కనకవల్లిగారు వచ్చారు. డెబ్బయ్యేళ్ల మనిషి, చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు.

"మూడేళ్ల కిందట నివేదిక పంపాను," అన్నారావిడ. "ఆ పిల్ల చదువు మానేసిందేమో అనుకున్నాను."

"మాన్లేదు మేడమ్," అంది మస్తానమ్మ.

ఆవిడ పేజీలు తిప్పి ఒకచోట ఆగారు. "నూటనలభయ్యో పేజీలో పెద్ద కొఠారు మూతపడిన సంవత్సరం ఒకటి రాశావు. వెనక పట్టికలో ఇంకొకటి ఉంది. రెండేళ్లు తేడా. ఏది నమ్మమంటావు?"

గది బిగుసుకుపోయింది. రిజిస్ట్రారుగారు దగ్గారు. కార్యక్రమం నమోదు చేస్తున్న కోదండపాణి కలం ఎత్తి పట్టుకున్నాడు. అతని ముందున్నది కొత్తగా అచ్చువేయించిన ఫారం. అందులో 'లోపములు' అని ఒక గడి, దాని పక్కన 'బాధ్యులు' అని ఒక గడి ఉన్నాయి. రెండో గడిలో సర్వజ్ఞసారథి పేరు ముందే అచ్చయి ఉంది.

మస్తానమ్మ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"పట్టికలోదే సరైంది మేడమ్. పేజీలో నేను తప్పు రాసినా. మూడుసార్లు చూసుకున్నా గానీ కనపడలా."

కోదండపాణి ముందుకు వంగి గుసగుసగా అన్నాడు. "భయపడబాకమ్మా. దీనికి మనకు ఏర్పాటు ఉండాది. సంతకం పెడితే చాలు, దాని మీదకు పోతది."

"వద్దు సార్. అది కొట్టేసి నా పేరు రాయండి."

"నీ పేరా?"

"అవును సార్. ఈ పుస్తకం నాదైతే ఇందులో తప్పు గూడా నాదే గదా."

కోదండపాణి రిజిస్ట్రారుగారి వైపు చూశాడు. రిజిస్ట్రారుగారు డీన్ల వైపు చూశారు. డీన్లకు తల ఏ వైపు ఊపాలో తెలియలేదు. నిరంజనరెడ్డిగారు మాత్రం తన శిష్యురాలి వైపే చూస్తున్నారు.

"రాశారా?" అన్నారు కనకవల్లిగారు. "అయితే రెండో ప్రశ్న."

వైవా రెండు గంటలు సాగింది. పట్టా ఇవ్వవచ్చునని ఆవిడ అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం ఫారం రిజిస్ట్రారుగారి బల్ల మీదికి చేరింది. 'బాధ్యులు' గడిలో కొట్టివేత, దాని పైన చేతిరాతతో ఒక మనిషి పేరు. త్రివిక్రమరావుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కోదండపాణిని అడిగారు.

"ఈమెకు పట్టా ఇవ్వవలెనా, మెమో ఇవ్వవలెనా?"

దృష్టాంతం కోసం వెతికారు. దొరకలేదు. అందుకని రెండూ ఇచ్చారు. ఇరవయ్యేడున పట్టా వచ్చింది. ఇరవయ్యెనిమిదిన ఆమె దరఖాస్తు వెళ్లింది. ఇరవయ్యొమ్మిదిన మెమో వచ్చింది: తప్పును బహిరంగముగా అంగీకరించినందులకు సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఆ ఏడాది చివర్లో ఆమెకు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

మెమోకు ఆమె పోస్టుకార్డు మీద జవాబు రాసింది. 'తప్పు నాదే. ఆ పేజీ దిద్దాను. కొత్త పేజీ విడిగా పంపుతున్నాను.' కింద సంతకం, తేదీ.

ఆ కార్డు ఏ ఫైల్లో పెట్టాలో కోదండపాణికి తెలియలేదు. ఒప్పుకోలు ఫైళ్లన్నీ సారథి పేరు మీదే ఉన్నాయి. రెండు రోజులు బల్ల మీద ఉంచి, ఆ తర్వాత చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విభాగంలో ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి చదువుకుంటాడనీ, ఒకసారి తెల్లకాగితం ముందేసుకుని 'బీరువా కింద' అని రాసి, అక్కడే ఆగిపోయాడనీ చెప్పుకుంటారు.